ఇంచున్నర

ఫిబ్రవరి 3

ఓవర్‌లాక్ మిషన్ మీద ఈ రోజు కూడా గుడ్డ కప్పే ఉంది. మా ఆవిడ తొమ్మిదింటికి వచ్చింది, తడి జుట్టుతో. "పది నిమిషాలు, ఏదైనా తిని కూర్చుంటాను" అంది. కూర్చునేసరికి పదకొండయింది. సెక్యూరిటీ కంపెనీ చొక్కాలు నలభై ఉన్నాయి. కాలర్లు వేసి పెట్టాను, అంచులు తనే కొట్టాలి.

నేనేమీ అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నానంతే. బట్టల మిల్లు వాళ్ళు ఏటా డైరీ ఇస్తారు, ఏటా ఖాళీగానే పోతుంది.

ఫిబ్రవరి 5

నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. నేనే తీసుకెళ్ళి ఈత కొలనులో చేర్పించాను. నేనే. ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. నొప్పి ఆర్నెల్లలో పోయింది, ఈత పోలేదు. తర్వాత సైకిలు వచ్చింది. తర్వాత పరుగు. ఇప్పుడు మూడూ కలిపి ఒకే పూట చేసే పందేనికి పేరిచ్చింది. రిజర్వాయరులో కిలోమీటరున్నర ఈత, ఒడ్డెక్కి నలభై కిలోమీటర్లు సైకిలు, దిగి పది కిలోమీటర్ల పరుగు. ఆగడం ఉండదు. నలభై ఏళ్ళ మనిషి.

కొలనులో ఒక కోచ్ ఉన్నాడు. విజిల్ మెడలో వేసుకునే పుట్టాడేమో, అందరూ విజిల్ మాస్టారంటారు. మూడుంబావు గంటల్లో పందెం పూర్తి చేస్తే ఆడవాళ్ళకి ఈత నేర్పే ఉద్యోగం ఇస్తానని మేనేజరు ఆయనతో అన్నాడట. పొద్దున రెండు గంటల పని కాదు, పూర్తి ఉద్యోగం.

"మరి షాపు?" అన్నాను.

"మిషన్ మీద ఎవరినైనా పెట్టుకోవచ్చుగా" అంది. సబ్బయిపోయింది, ఇంకోటి తెండి అన్నట్టు అంది.

ఫిబ్రవరి 6

ఎవరినైనా.

ఫిబ్రవరి 11

లాయరు గారు ప్యాంట్లు తీసుకోవడానికి వచ్చారు. "ఏం పావించి మాస్టారూ, మీ ఆవిడ నిన్న వంతెన మీద నా కారుని దాటేసి పోయింది" అన్నారు. నేను తీసిన కొలతలో పావించి తేడా కూడా ఉండదని ఊళ్ళో నాకు ఆ పేరు. పెట్టింది కూడా ఆయనే, పదిహేనేళ్ళ కిందట.

"ట్రాఫిక్కులో ఆగి ఉంటారు" అన్నాను.

"ఆగలేదు మాస్టారూ, పరిగెత్తిస్తూనే ఉన్నాను. జాగ్రత్త, ఇవాళ నన్ను దాటింది, రేపు మిమ్మల్ని దాటేస్తుంది."

మా ఆవిడ మిషన్ దగ్గర పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ప్యాంట్లు కాగితంలో చుట్టి ఇచ్చాను.

ఫిబ్రవరి 12

కొలను పక్క రోడ్డు మీదుగా వచ్చాను. అది దగ్గర దారి కాదు. జాలీలోంచి కనబడుతుంది. తను నీళ్ళలోంచి గట్టు మీదికి మోచేతుల మీద లేచి, ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతోంది. ఇంట్లో అంత నోరు తెరిచి నవ్వదు.

ఫిబ్రవరి 17

"ఏమండీ, ఒక సాయం చేస్తారా?" అంది, భోజనాలయ్యాక. ఈ మధ్య నన్నేమీ అడగడం లేదు కాబట్టి పేపరు పక్కన పెట్టాను.

రేసు సూటు కొనాలట. ఈతకి, సైకిలుకి, పరుగుకి మూడింటికీ ఒకటే బట్ట. మధ్యలో మార్చుకునే పని ఉండదు. ఇప్పటిదాకా పాత ఈత డ్రెస్సు మీద నిక్కరు తొడుక్కుని లాక్కొస్తోంది. తడి నిక్కరు తొడలు కోస్తోందని, మార్చుకోవడానికే నాలుగు నిమిషాలు పోతున్నాయని విజిల్ మాస్టారు అన్నాడట. మొన్న మూడూ చేసి చూస్తే మూడు గంటల పదహారు నిమిషాలు వచ్చిందట. కావలసింది మూడుంబావు.

"సూటు బాగుంటే నాలుగైదు నిమిషాలు కలిసొస్తాయంటున్నారు. నాకు వాటి గురించి ఏం తెలుసు? బట్ట చేత్తో పట్టుకుంటే మీకు తెలిసిపోతుంది. మీరొచ్చి ఏరండి."

"కోచ్ ఉన్నాడుగా" అన్నాను.

"ఆయనకి విజిల్ ఊదడం వచ్చు" అంది.

చాలా రోజులకి బాగా నిద్రపట్టింది.

ఫిబ్రవరి 20

సైకిల్ షాపుకి వెళ్ళాం. ముందు సైకిళ్ళు, వెనక గదిలో ఈ బట్టలు. అమ్మే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, చెవికి ఏడు రింగులు. నేనెవరో చెప్పలేదు. చెప్పకుండా చూస్తే మంచిది.

హ్యాంగరు తీసి చేతిలో పెట్టింది. అంత సూటూ కలిపి ఒక జేబురుమాలంత బరువు. భుజాల మీద సన్నగా గీతలు గీతలుగా నేత ఉంది, గాలిని చీల్చడానికట. కూర్చునే చోట పల్చటి మెత్త. ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి బట్ట మీద పోసింది. ఒక్క బొట్టు ఇంకలేదు, పాదరసంలా జారి నేల మీద పడింది. వెనక్కి తిప్పి చూశాను. కుట్టు లేదు.

"కుట్టేది?" అన్నాను.

"కుట్టుండదండీ. అతికిస్తారు. కుట్టుంటే ఒరుసుకుంటుంది. అంచులు కూడా కత్తెరతో కాదు, లేజరుతో కోస్తారు."

కుట్టు లేకుండా, కత్తెర లేకుండా. ఇరవై నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. వేలితో అంచు గీకి చూశాను, లేస్తుందేమోనని. లేవలేదు.

"మావారు టైలరు" అంది మా ఆవిడ. చెప్పొద్దనుకున్నాను, చెప్పేసింది.

"అవునా అంకుల్! అయితే మీకిది నచ్చదు" అని నవ్వింది ఆ పిల్ల.

రెండు రకాలున్నాయి. ఒకటి రెడీమేడ్. చేతుల్లేవు, ముందు జిప్పు, తన సైజు అక్కడే ఉంది. తొడుక్కుని వచ్చి అద్దం ముందు చేతులు రెండూ తిప్పింది. వంకపెట్టడానికి ఏమీ కనపడలేదు. రెండోది కొలతలు రాసి పంపితే కంపెనీ వాళ్ళు చేసి పంపుతారు. మోచేతుల దాకా చేతులు, వెనక జిప్పు. అయిదు వారాలు పడుతుంది. వెనక్కి తీసుకోరు.

"మొదటి రేసే కదా ఆంటీ, ముందు జిప్పు తీసుకోండి. పరుగులో ఊపిరాడకపోతే కాస్త కిందికి లాక్కోవచ్చు. వెనక జిప్పయితే ఒంటి చేత్తో అందదు" అంది ఆ పిల్ల.

మా ఆవిడ నా వైపు చూసింది. తనకి రెడీమేడ్ నచ్చింది. నాకు తెలుసు.

"ముందు జిప్పుంటే ఈతలో నీళ్ళు దూరతాయి. కొలతకి చేసిందే మంచిది. రెడీమేడ్ రెడీమేడే" అన్నాను.

"ఆయనకి తెలుసు" అంది మా ఆవిడ ఆ పిల్లతో.

ఫారం ఇచ్చింది. ఛాతీ, నడుం, తుంటి, తొడ, చెయ్యి. అన్నిటికన్నా ముఖ్యం ఒంటి చుట్టు కొలత అంది. భుజం మీదినుంచి ముందు వైపు దింపి, కాళ్ళ మధ్యనుంచి వీపు మీదుగా మళ్ళీ అదే భుజం దాకా. "ఒళ్ళు ఎంతుందో అంతే రాయండి అంకుల్. సాగే బట్ట కదా అని టైలర్లు తగ్గించి రాస్తారు. ఆ తగ్గింపు కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. మీరు కూడా తగ్గిస్తే ఆంటీ చేతులెత్తలేరు."

నాకు చెబుతోంది.

ఫిబ్రవరి 21

పొద్దున కిటికీ వెలుగులో కొలిచాను. తను నిటారుగా నిలబడింది. ఛాతీ, నడుం, తుంటి. పెళ్ళయిన కొత్తలో జాకెట్టుకి కొలిచిన దానికన్నా నడుం రెండించులు తక్కువ. భుజాలు పెరిగాయి. చేత్తో తాకితే చెక్కలా ఉన్నాయి. ఇవి ఎప్పుడు మారాయో నాకు తెలియదు.

ఒంటి చుట్టు కొలతకి టేపు భుజం మీద వేసి దింపుతుంటే చక్కిలిగింతలని మెలికలు తిరిగింది.

"కదలకు."

"ఇంత వయసొచ్చాక ఇదేం కొలతండీ. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"టైలరు కొలుస్తున్నాడనుకుంటారు."

నవ్వి, కళ్ళు మూసుకుని నిలబడింది. అరవై రెండు. రెండుసార్లు చూశాను. అరవై రెండే. కొలతల పుస్తకంలో తన పేజీ తీసి రాశాను.

మధ్యాహ్నం సైకిల్ షాపుకి వెళ్ళి ఫారం నింపాను. ఒంటి చుట్టు అని ఉన్నచోట అరవైన్నర రాశాను. ఆ పిల్ల ఒక కాపీ తను ఉంచుకుని, ఒకటి నాకిచ్చింది.

ఫిబ్రవరి 22

సాగే బట్టకి తగ్గిస్తాం. ఎవరైనా తగ్గిస్తారు. ఆ పిల్లకి పాతికేళ్ళు.

ఫిబ్రవరి 26

కొలతల పుస్తకంలో కూడా అరవైన్నర అని దిద్దుదామని తీశాను. చెయ్యి రాలేదు. నాన్న కొట్టు నాకప్పగించేటప్పుడు చెప్పింది ఒక్కటే మాట. పుస్తకంలో ఉన్నది ఒంటి మీద ఉండాలి. పుస్తకంలో నేనెప్పుడూ అబద్ధం రాయలేదు. మూసేశాను.

ఫారం వేరు. ఫారం కంపెనీ వాళ్ళది.

మార్చి 9

సెక్యూరిటీ కంపెనీ చొక్కాలు ఇచ్చేశాం. అంచులు సగం నేనే కొట్టాను. తను పొద్దున సైకిలు, సాయంత్రం పరుగు. మధ్యలో వచ్చి కూర్చుంటుంది, కూర్చునే కునుకు తీస్తుంది.

మార్చి 15

మూడు గంటల పద్నాలుగు నిమిషాలు. పాత బట్టలతోనే. సంతోషం పట్టలేక షాపులోకి సైకిలుతో సహా వచ్చేసింది. "ఒక్క నిమిషం చాలదండీ, ఆ రోజు అలలుంటాయి, జనం ఉంటారు. సూటొస్తే అయిదు నిమిషాలు మిగులుతాయి. ఇక దిగుల్లేదు."

టైరు బురద కటింగ్ టేబులు కింద పరిచిన గుడ్డకి అంటింది. తుడిచాను.

మార్చి 24

పార్సెల్ వచ్చింది. తను లేదు. అలమరలో పెట్టాను. ఇస్త్రీ పని ఎక్కువగా ఉంది.

మార్చి 26

పార్సెల్ ఇచ్చాను. పందెం ఇంకో నాలుగు రోజులు.

వేసుకోవడానికే పావుగంట పట్టింది. వెనక జిప్పు నేనే పైకి లాగాను. బయటికి వచ్చి భుజాలు కదిపి చూసుకుంది. "బిగుతుగా ఉందండీ. ఇక్కడ" అని మెడ పక్కన చూపించింది. వంగితే హాయిగా ఉందట. నిటారుగా నిలబడితే లాగుతోందట. వంగితే ఎందుకు బాగుంటుందో నాకు తెలుసు. వంగినప్పుడు చుట్టుకొలత తగ్గుతుంది.

సైకిల్ షాపుకి ఫోను చేసింది. "కొత్తలో అలాగే ఉంటుంది ఆంటీ, బిగుతుగానే ఉండాలి" అందట ఆ పిల్ల. చూశావా అన్నాను.

జిప్పుకి వెనక పొడుగు తాడుంది, చెయ్యి వెనక్కి పెట్టి లాక్కోవడానికి. గాలికి కొట్టుకుంటే నిమిషాలు పోతాయని కత్తిరించి, చివర కాల్చి నున్నగా చేసి ఇచ్చాను. "ఎంత ఆలోచిస్తారండీ మీరు" అంది.

మార్చి 28

సూటుతో ఒకసారి ఈదింది. రెండు భుజాల మీదా ఎర్రటి చారలు. మందు రాశాను. నిదానంగా రాశాను, మంట పుట్టకుండా.

"పాత బట్టలే వేసుకోనా? పద్నాలుగు నిమిషాలు వచ్చింది కదా, ఎలాగో లాక్కొచ్చేస్తాను" అంది.

"నేను ఏరింది నమ్మకం లేకపోతే వేసుకో."

చారల మీద చెయ్యి వేసుకుంది. "నమ్మకం లేక కాదండీ. మీ కొలత తప్పదని నాకు తెలీదా? ఈ నెలలో నా ఒళ్ళే పెరిగిందేమో."

సాయంత్రం భోజనం చెయ్యలేదు. రెండు రోజుల్లో ఒళ్ళు కాస్త తగ్గితే సరిపోతుందని అంది.

తినమని చెప్పాలనుకున్నాను. చెప్పాననే గుర్తు.

మార్చి 30, ఆదివారం

ఇంటికొచ్చి రెండు గంటలయింది. తను పడుకుంది. వరసగా రాస్తాను.

రిజర్వాయరు గట్టు మీద వందమంది దాకా ఉన్నారు. అందరికీ చేతి మీద నంబర్లు. తనకి ఇరవై తొమ్మిది. జిప్పు నేనే వేశాను. మెడ దగ్గర కొక్కెం పెడుతుంటే, "వేళ్ళు చల్లగా ఉన్నాయేంటండీ, మీరు ఈదుతున్నారా ఏం?" అంది.

ఏడింటికి విజిల్ వేశారు. అందరూ ఒక్కసారి దూకారు. చాలాసేపు తనని పోల్చుకోగలిగాను. ఎడమ చెయ్యి ఎప్పుడూ కాస్త ఎత్తుగా లేస్తుంది, ఇవాళ రెండూ లేవడం లేదు. నీళ్ళని కొడుతోంది గానీ తొయ్యడం లేదు. పక్కన నిలబడ్డ విజిల్ మాస్టారు వాచీ చూసుకుని, "ఏమైందీవిడకి?" అన్నాడు. ముప్పై నాలుగు నిమిషాల్లో రావలసింది ముప్పై తొమ్మిది అయింది.

సైకిలు బాగా తొక్కింది. వంగి కూర్చునేది కదా. పోయిన వాటిలో రెండు నిమిషాలు వెనక్కి తెచ్చుకుంది. "ఫర్వాలేదు మాస్టారూ, పరుగులో లాగేస్తుంది, ఆవిడ పరుగు మీకు తెలీదు" అని విజిల్ మాస్టారు నా వీపు మీద చరిచాడు.

పరుగు నాలుగు చుట్లు, గట్టు చివర కంచె దగ్గర తిరగాలి. నేను అక్కడ నిలబడ్డాను. మొదటి చుట్టులో నన్ను చూసి చెయ్యి ఊపబోయి, ఎత్తలేక దించేసింది. రెండో చుట్టులో రెండు చేతులూ వెనక్కి పెట్టి జిప్పు కోసం తడుముకుంటూ వచ్చింది. తాడు లేదు. మెడ చుట్టూ చర్మం లేచిపోయింది. నోరు తెరుచుకుని ఉంది గానీ గాలి లోపలికి పోతున్నట్టు లేదు.

మూడో చుట్టులో నా ముందు ఆగింది. కంచె అవతల తను, ఇవతల నేను. పక్కన ఎవరూ లేరు.

"కత్తెర" అంది. "భుజం మీద ఒక్క గాటు పెట్టండి."

దారాలు కత్తిరించే చిన్న కత్తెర నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. పెళ్ళిరోజు కూడా ఉంది. ఇవాళా ఉంది.

"తేలేదు" అన్నాను.

నా జేబు వంక చూసింది. కత్తెర పిడి బయటికి కనపడుతోందో లేదో నాకు తెలియదు. ఎంతసేపు చూసిందో కూడా తెలియదు. రెండు మూడు క్షణాలే అయి ఉంటుంది. తర్వాత పరిగెత్తింది.

బయటివాళ్ళు సాయం చేస్తే పందెంలోంచి తీసేస్తారు. రూల్సు కాగితంలో ఉంది, నేనే చదివాను. కత్తెర ఇచ్చి ఉంటే తీసేసేవాళ్ళు. తన మంచికే.

మూడు గంటల ఇరవై మూడు నిమిషాలు.

గీత దాటి మోకాళ్ళ మీద కూలబడింది. విజిల్ మాస్టారు పరిగెత్తుకెళ్ళి జిప్పు లాగాడు. జిప్పు కిందికి దిగగానే తను పీల్చిన గాలి చప్పుడు నేనున్న చోటికి వినిపించింది. బట్ట భుజాలకి అంటుకుపోయింది. తడిపి తీశారు.

ఎనిమిది నిమిషాలు.

మార్చి 31

తొమ్మిదింటికల్లా మిషన్ దగ్గర కూర్చుంది.

ఏప్రిల్ 1

తొమ్మిదింటికల్లా కూర్చుంది.

ఏప్రిల్ 3

ఉద్యోగం స్కూలు డ్రిల్లు టీచరుకి ఇచ్చారట. విజిల్ మాస్టారు వచ్చి చెప్పి వెళ్ళాడు. నా వైపు చూడలేదు. అలా చూడకపోవడం నా భ్రమ కావచ్చు.

"పోనీలే, ఇక్కడ ఏం తక్కువ?" అన్నాను తనతో. అంచు కొడుతూనే తల ఊపింది. మిషన్ చప్పుడు మళ్ళీ రెండు గొంతులుగా వినబడుతోంది, నాదొకటి, తనదొకటి. ఇన్నాళ్ళకి కొట్టు కొట్టులా ఉంది.

ఏప్రిల్ 5

టీ తాగి వచ్చేసరికి కటింగ్ టేబులు మీద రేసు సూటు పరిచి ఉంది. పక్కన కొలతల పుస్తకం, తన పేజీ తీసి ఉంది. అరవై రెండు, నా చేతిరాత. దాని పక్కన ఫారం కాపీ. అరవైన్నర, నా చేతిరాత. కాగితాలు ఎగరకుండా రెండిటి మీదా అడ్డంగా సుద్దముక్క పెట్టి ఉంది.

తను మిషన్ దగ్గర దారం ఎక్కిస్తోంది. తలెత్తలేదు.

పుస్తకం మూసి అలమరలో పెట్టాను. తను ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 6

అడిగితే చెప్పడానికి ఉంది. సాగే బట్ట కదా అని తగ్గించాను. అడగాలి కదా.

ఏప్రిల్ 7

అడగలేదు.

ఏప్రిల్ 9

లాయరు గారు కోటు కుట్టించుకోవడానికి వచ్చారు. నేను టేపు తీశాను. మా ఆవిడ మిషన్ ఆపి లేచి వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగండి లాయరు గారూ. ఈ మధ్య ఈయనకి చూపు సరిగ్గా ఆనడం లేదు. టేపు నేను చదువుతాను, ఈయన రాసుకుంటారు."

"మన పావించి మాస్టారికా!" అని నవ్వారాయన.

"పావించి కాదండీ, ఇంచున్నర. నా రేసు సూటుకి స్వయంగా కొలిచి ఇంచున్నర తక్కువ రాశారు. అదుగోండి, ఆ సూటే." సూటు గోడకి హ్యాంగరు మీద వేలాడుతోంది. ఎప్పుడు వేలాడదీసిందో నేను చూడలేదు. "ఎనిమిది నిమిషాల తేడాతో ఉద్యోగం పోయింది. ఈయన్ని అని ఏం లాభం, కళ్ళు చేసిన పనికి?"

"నా కళ్ళకేం కాలేదు" అన్నాను.

తను నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఏం కాలేదా?" అంది నెమ్మదిగా. "అయితే కొలత సరిగ్గానే చదివారన్నమాట."

లాయరు గారు ఒకసారి తన వంక, ఒకసారి నా వంక చూశారు. నవ్వు ఆగిపోయింది. ఆయన చేసే పనే అది, ఎవరు ఎక్కడ ఆగుతారో చూడటం.

"లేదు" అన్నాను. "ఈ మధ్య కాస్త మసగ్గా ఉంటోంది."

"చెప్పాను కదండీ" అని నా చేతిలోంచి టేపు తీసుకుంది. ఛాతీ నలభై ఒకటి అంది. నలభై రెండుంబావు, నేను నిలబడ్డ చోటికే కనపడుతోంది. కావాలనే అంటోంది. నలభై ఒకటి రాశాను. రాసి, ఆగాను. తను నా కలం వైపే చూస్తోంది.

"అయ్యో, నలభై రెండుంబావు" అని తనే దిద్దింది. "చూశారా, నేను తప్పు చెప్పినా ఈయనకి తెలియడం లేదు."

ఏప్రిల్ 11

సెక్యూరిటీ కంపెనీ సూపర్‌వైజరు ఫోను చేశాడు. "ఈసారి యూనిఫాం కొలతలకి అమ్మగారిని పంపుతారా?" అన్నాడు.

ఏప్రిల్ 12

గోడ మీద అదేమిటని వచ్చినవాళ్ళంతా అడుగుతారు. తను ఓపిగ్గా చెబుతుంది. నీళ్ళు అంటవండీ, కుట్టు కూడా లేదు, చాలా గొప్ప బట్ట, ఈయనే ఏరారు. అంతా బాగానే ఉంది, కొలతే ఇంచున్నర పోయింది. చెప్పినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేస్తుంది. అందరూ నన్ను జాలిగా చూస్తారు.

దించెయ్యమన్నాను. "ఎందుకండీ? మనం దాచుకోవాల్సిందేముంది?" అంది.

ఏప్రిల్ 14

ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్తే లాయరు గారి గేటు దగ్గర డ్రైవరు లోపలికి కేకేశాడు. "ఇంచున్నర మాస్టారు వచ్చారండీ." ఎగతాళిగా అనలేదు. అదే నా పేరనుకుంటున్నాడు.

ఏప్రిల్ 15

ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, "ఇక చాలు" అన్నాను.

"ఏంటి చాలు?" అంది.

ఏమిటో చెప్పాలి. చెబితే చెప్పినట్టే. లాయరు గారికి తెలిసినా, కంపెనీకి తెలిసినా, ఈ చేత్తో ఆడవాళ్ళ కొలతలు తీసుకోనిచ్చేవాళ్ళు ఎవరు? చూపు తగ్గిన టైలరుకి సగం పనైనా ఉంటుంది.

"టీ చాలు" అన్నాను. కప్పు తీసుకుపోయింది.

ఏప్రిల్ 18

కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళింది. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, అవతల ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు.

కళ్ళు పరీక్ష చేసే అతను ముందు మిషన్‌లోకి చూడమన్నాడు. చూసి, ఏదో రాసుకుని, అక్షరాల పలక ముందు కూర్చోబెట్టాడు. అన్ని వరసలూ కనపడుతున్నాయి. అడుగున కంపెనీ పేరు సన్నగా వేసి ఉంది, అదీ కనపడుతోంది. తను నా కుర్చీ వెనక నిలబడింది.

"చదవండి."

మూడు వరసలు చదివి ఆగాను. "అక్కడినుంచి మసగ్గా ఉంది."

"మిషన్ ఏమీ లేదంటోందే" అన్నాడు అతను.

"మీ మిషన్ కొత్తదాండీ?" అంది తను. "ఈయన టేపు మీద అరవై రెండుని అరవైన్నర అని చదివారు. అంత తేడా ఊరికే వస్తుందా? మీరే అడగండి."

అతను నన్ను చూశాడు. "వచ్చింది" అన్నాను.

ఒక్కొక్క అద్దం మార్చాడు. ఇది బాగుందా, ఇదా? అక్షరాలు చీమలయ్యాయి, ఈగలయ్యాయి. అన్నిటికన్నా చెడ్డగా ఉన్నదాని దగ్గర "ఇదే" అన్నాను. అతనికి ఇష్టం లేదు. అయినా రాశాడు.

ఫ్రేము తను ఏరింది. నల్లది, మందంది. రెడీమేడ్ చాలంది, కొలతలెందుకు.

ఏప్రిల్ 22

కళ్ళజోడు వచ్చి మూడు రోజులయింది. పెట్టుకుంటే నేల ఏటవాలుగా ఉంటుంది. అడుగు ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. కణతలు లాగుతున్నాయి. సూదిలో దారం పెట్టబోతే మూడుసార్లు తప్పింది, నాలుగోసారి తను తీసుకుని ఎక్కించి ఇచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నం సుద్ద గీత మీద కత్తెర పోక సూపర్‌వైజరు ప్యాంటు బట్ట ఒకటి పాడయింది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి. తను ఆ ముక్క తీసి అందరికీ కనపడేలా టేబులు చివర పెట్టింది.

తీసి జేబులో పెట్టుకుంటే, "ఏమండీ, కళ్ళజోడు" అంటుంది. తను పొద్దున ఈతకి వెళ్ళిన రెండు గంటలే తీసి ఉంచుతాను. ఆ రెండు గంటల్లోనే కటింగ్ అంతా చేసేస్తున్నాను.

ఇప్పుడు నాకెదురుగా కూర్చుని బొత్తాలు కుడుతోంది. అందుకని పెట్టుకునే రాస్తున్నాను. గీతల మీద రాస్తున్నానో గీతల మధ్య రాస్తున్నానో తెలియడం లేదు.

సూది ఆపి నన్ను చూసింది. "ఇప్పుడు బాగా కనపడుతోందా?" అంది.

బాగా కనపడుతోందన్నాను.